పెచ్చులూడిన చోటే... క్లిక్!

గోడ మీద రావిమొక్క. కిటికీకి ఒక్కటంటే ఒక్క రంగుటద్దం. మెట్ల నిండా పావురాల రెట్టలు. ‘ఈ పాడుకొంప ఇంకెన్నాళ్లు నిలబడుతుందో’ అనుకుంటూ మనం పక్కనుంచి వెళ్లిపోతాం. ఆదివారం పొద్దున్నే కెమెరా భుజాన వేసుకొచ్చినవాళ్లు మాత్రం అక్కడే ఆగిపోతారు. ఊడిన పెచ్చుల మీద ఎండ ఏటవాలుగా పడేదాకా కదలరు. శిథిల భవనాల ఫొటోలు తీయడం ఇప్పుడు చాలామందికి ఇష్టమైన వ్యాపకం. అందుకు హైదరాబాద్‌ని మించిన ఊరు దొరకడం కష్టమే!

చార్మినార్‌కి దగ్గర్లోనే హుస్సేనీ ఆలం. అక్కడ ఖుర్షీద్ జా దేవిడీ. దేవిడీ అంటే నవాబుల కాలంలో పెద్దింటివాళ్ల నివాసం. ఆడవాళ్లకు జనానా, మగవాళ్లకు మర్దానా, నౌకర్లకు గదులు, గుర్రాలకు శాలలు... అన్నీ ఒకే ప్రహరీలో ఉండేవి. నిజాం తర్వాత అంతటి హోదా ఉన్న పాయిగా వంశీకుల్లో ఖుర్షీద్ జా ఒకరు. ఆయన పూర్వీకులు కట్టించిన ఈ మహల్‌కి పాతబస్తీ పోలికలు ఒక్కటీ లేవు. ఐరోపా నుంచి ఎత్తుకొచ్చి ఇక్కడ దించినట్టు ముందు వరసలో ఎత్తైన తెల్లని స్తంభాలు! లోపల ఖరీదైన తివాచీలు, షాండ్లియర్లు, ఎదురుగా ఫౌంటెన్లతో తోట ఉండేవంటారు. తివాచీలూ దీపాలూ ఎప్పుడో పోయాయి. దశాబ్దాలపాటు భవనాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. తోట ఉన్న జాగా చుట్టుపక్కల పిల్లలకు క్రికెట్ మైదానమైంది.

ఆ రోజుల్లో అక్కడికి వెళ్లిన ఫొటోగ్రాఫర్ ఏం చేసేవాడు? చాలామంది చేసింది ఒకటే... ఓవర్ అయిపోయి పిల్లలు పక్కకి జరిగేదాకా ఆగడం. ఫొటోలో స్తంభాలుండాలి, పగుళ్లుండాలి, నిశ్శబ్దం ఉండాలి. మనుషులు ఉండకూడదు! అలా తీసిన బొమ్మ చూస్తే వందేళ్లుగా అక్కడ పురుగు కూడా మసలలేదని అనిపిస్తుంది. ఫ్రేమ్ బయటికి రెండడుగులు వేస్తే బంతి కోసం అరుపులు. ‘పాడుబడ్డ భవనం’ అన్న మాటలోనే చిన్న మోసం ఉంది. పాతబస్తీలో నిజంగా ఎవరూ లేని భవనం అరుదు. వెనక వరండాలో బట్టలారేసుకున్న కుటుంబమో, నౌకర్ల గదుల్లో తరాలుగా ఉంటున్న కిరాయిదారులో, కనీసం తాళంచెవి నడుముకి చెక్కుకున్న ఓ కాపలాదారో ఉంటారు.

ఎండా వానా గీసిన బొమ్మ

ఇంతకీ పాత గోడ కెమెరాకి ఎందుకంత నచ్చుతుంది? కొత్త గోడకు ఉండేది ఒక్కటే రంగు. పాతదానికి పొరలుంటాయి. పైన మాసిన తెలుపు, అది ఊడిన చోట నీలం, దాని కింద కావిరంగు, అడుగున ఇటుక. ఒక్కో పండక్కి, ఒక్కో పెళ్లికి వేసిన సున్నాలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. పొద్దున్న ఏడు, ఎనిమిది గంటల ఎండ ఏటవాలుగా తగిలితే ప్రతి పెచ్చు అంచుకీ సన్నటి నీడ పడుతుంది. అదే గోడని మిట్టమధ్యాహ్నం తీయండి, చప్పగా ఉంటుంది. లోపలి గదుల్లో ఇంకో చిక్కు. మూల చీకటి, కిటికీ దగ్గర కళ్లు చెదిరే వెలుతురు. అందుకే స్టాండు మీద కెమెరా కదలకుండా పెట్టి ఒకే దృశ్యాన్ని తక్కువ వెలుతురుకి ఒకటి, ఎక్కువ వెలుతురుకి ఒకటి తీసి తర్వాత కలుపుతారు. ఇప్పుడు ఆ పని చాలా ఫోన్లు వాటంతటవే చేసేస్తున్నాయి. కలపడంలో అత్యుత్సాహం చూపితే మాత్రం మహల్ కాస్తా సినిమా పోస్టర్ అయిపోతుంది.

ఆ అందమైన పెచ్చుల వెనక ఓ జబ్బు కథ ఉంటుంది. అప్పటి గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక గానుగలో నూరి, అందులో బెల్లం, కరక్కాయ నీళ్లలాంటివి కలిపేవారు. ఈ సున్నానికి గాలాడుతుంది. వానాకాలం పీల్చుకున్న తేమని ఎండాకాలం వదిలేస్తుంది. తర్వాతి కాలంలో పగులు కనిపించిన ప్రతిచోటా మనవాళ్లు సిమెంటు మెత్తారు. సిమెంటు గాలాడనివ్వదు. తేమ లోపలే ఉండిపోతుంది. నీటితోపాటు వచ్చిన లవణాలు ఇటుకను లోపల్నుంచి పొడి చేస్తాయి. కొన్నాళ్లకు సిమెంటు గట్టిగానే ఉంటుంది, వెనక గోడే ఉండదు! పైనుంచి రావిచెట్టు. పిట్ట రెట్టతో పడిన గింజ కార్నిసు సందులో మొలుస్తుంది. కొమ్మలు నరికితే చావదు, వేరు తీయాలి. వేరు తీస్తే గోడ వస్తుంది. ఫొటోల్లో అందరికీ ఇష్టమైన దృశ్యం, కమానుని చుట్టుకున్న వేళ్లు, నిజానికి ఆ కమానుకి ఉరితాడే. అదే ఫొటో చూసి మనం ‘ఆహా’ అంటే, సున్నం పని తెలిసిన మేస్త్రీ ‘అయ్యో’ అంటాడు.

ఆయన కెమెరాకి దక్కిన ఊరు

హైదరాబాద్‌కీ ఫొటోకీ సంబంధం ఈనాటిది కాదు. రాజా దీన్‌దయాళ్ పేరు వినే ఉంటారు. 1844లో ఉత్తరాదిన సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ కెమెరా పట్టిన మనిషి. మొదట్లో పేరు తెచ్చింది కూడా పాత కట్టడాలే. మధ్యభారతంలోని కోటలు, గుళ్లు, శిథిలాలు ఆయన తీసినవే 1886లో లెపెల్ గ్రిఫిన్ పుస్తకంలో అచ్చయ్యాయి. 1880ల నడుమ హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో చేరారు. ఇక్కడ ఆయన తీసింది శిథిలాలను కాదు. అప్పుడే రంగులారిన మహళ్లను, విందుబల్లలను, నిండుగా వెలిగే దీపాలను. పరదా పాటించే ఆడవాళ్ల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఓ ఇంగ్లిష్ మహిళ చేతుల్లో పెట్టారు.

అదే 1892 నాటి నిజాం రాజ్యపు దృశ్యాల ఆల్బమ్ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 దిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొని భద్రపరిచింది. వాటి విలువ ఎంతో తెలియాలంటే బషీర్‌బాగ్ వెళ్లాలి. రోజూ బస్సులో ఆ స్టాపు మీదుగా వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసు, అక్కడ సర్ అస్మాన్ జా మహల్ ఉండేదని? మహల్ కూల్చేశారు, పేరు మిగిలింది, దీన్‌దయాళ్ తీసిన ఫొటోలు మిగిలాయి. సాలార్‌జంగ్‌ల దివాన్ దేవిడీదీ దాదాపు అదే కథ. 1951 నుంచి 1968 దాకా సాలార్‌జంగ్ మ్యూజియం నడిచింది ఆ దేవిడీలోనే. ఇప్పుడు దాని ద్వారాలు నిలబడి ఉన్నాయి. లోపల చూడ్డానికి దేవిడీ లేదు, దుకాణాలూ గోదాములూ ఉన్నాయి. చార్మినార్ చెంతన చెక్క నగిషీలకు పేరుపడ్డ మాల్వాలా ప్యాలెస్ అయితే 2000లో పోయింది.

దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. తను తీస్తున్నది ఆఖరి సాక్ష్యమవుతుందని ఆయనకు తెలిసే అవకాశం లేదు. ఇవాళ పాతబస్తీలో కెమెరా పట్టినవాళ్లకు తెలుసు. తేడా అక్కడే ఉంది.

బాగుపడితే బాధా?

కోఠీలో ఒకప్పటి మహిళా కళాశాల ఆవరణలోని రెసిడెన్సీ భవనాన్ని చూస్తే ఈ వ్యాపకంలోని అసలు తిరకాసు అర్థమవుతుంది. ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1803లో మొదలుపెట్టించిన భవనమది. నక్షా మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ గీస్తే, ఖర్చు నిజాం పెట్టుకున్నాడు! ముందు ఆరు భారీ స్తంభాలు, మెట్లకు అటొకటి ఇటొకటి సింహం. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదీ అమ్మాయి ఖైరున్నీసాని పెళ్లాడాడు. పరదా దాటి బయటికి రాని బేగం ఇంటి ముఖద్వారం ఎలా ఉందో చూడాలని ముచ్చటపడితే, అచ్చం అలాంటిదే చిన్న నమూనా కట్టించి ఆమె తోటలో పెట్టించాడని చెబుతారు. ఫొటో లేని రోజుల్లో భవనం చూపించడానికి ఇంకో భవనమే కట్టాలి మరి!

స్వాతంత్య్రం వచ్చాక అది కాలేజీ అయింది. దర్బారు హాల్లో ఒకప్పుడు రాజ్యాల భవిష్యత్తు మాట్లాడుకున్న చోట అమ్మాయిలు నోట్సు రాసుకున్నారు. మెల్లగా కప్పు కారడం మొదలైంది. నగిషీ రాలింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీన్ని చేర్చింది. ఆ తర్వాతి ఏళ్లలో వచ్చిన ఫొటోలు చూడండి... దుమ్ముపట్టిన అద్దాలు, ఎవరూ ఎక్కని మెట్లు, సింహం పక్కన పిచ్చిమొక్కలు. నిజంగానే గుండెను పట్టేసే బొమ్మలు. ఏళ్ల తరబడి జరిగిన మరమ్మతులు పూర్తయి 2023 జనవరిలో భవనం మళ్లీ తెరుచుకుంది. సున్నం కొత్తగా మెరిసింది, కప్పు మీద రంగులు తేరుకున్నాయి. అప్పుడు వినిపించిన నిట్టూర్పు ఏంటంటే... ‘అబ్బే, మునుపటి అందం పోయింది’!

వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ అబద్ధం కాదు. బాగుచేసిన భవనంలో నీడలు తక్కువ, పొరలు తక్కువ, విషాదం అసలుండదు. చౌమహల్లా కూడా ఒకప్పుడు అలాగే తాళాలూ బూజూ మధ్య ఉండేది. 2000 నుంచి పని మొదలై, 2005లో జనానికి తలుపులు తెరిచి, 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం అందుకుంది. ఇప్పుడు ఖిల్వత్ హాల్లో 19 షాండ్లియర్ల కింద నిలబడి సెల్ఫీ దిగేవాళ్లే తప్ప, తలుపు సందులోంచి వెలుతురు కోసం కాచుక్కూర్చునేవాళ్లు లేరు. ఫొటోగ్రాఫర్‌కి కాస్త లోటే. ఊరికి మాత్రం లాభం. ఈ రెంటిలో ఏది పెద్దదో తేల్చుకోవడానికి పెద్ద చర్చ అక్కర్లేదు.

ఇది హైదరాబాద్‌కే పరిమితమైన తగాదా కాదు. అమెరికాలో కార్ల పరిశ్రమతో వెలిగిన డెట్రాయిట్ నగర జనాభా 1950లో 18 లక్షలకు పైనే. 2010 నాటికి 7 లక్షల చిల్లరకు పడిపోయింది. ఖాళీ అయిన థియేటర్లు, హోటళ్లు, ఫ్యాక్టరీల ఫొటోలతో ఫ్రాన్స్‌కి చెందిన ఈవ్ మార్షాఁ, రొమేన్ మెఫ్ర్ 2010లో ‘ద రూయిన్స్ ఆఫ్ డెట్రాయిట్’ అనే పుస్తకం తెచ్చారు. ప్రపంచమంతా నోరు తెరిచి చూసింది. అలాంటి బొమ్మలు వెల్లువెత్తాక ఆ ఊళ్లో చాలామందికి ఒళ్లు మండింది. ‘మేమింకా ఇక్కడే బతుకుతున్నాం, మీ ఫొటోల్లో మేమెక్కడ?’ అన్నది వాళ్ల కోపం. ఆ ఫొటోలకు పెట్టనికోటలా నిలిచిన మిషిగన్ సెంట్రల్ రైల్వే స్టేషన్ 1988లో మూతపడింది. 2018లో ఫోర్డ్ కంపెనీ కొని, బాగుచేయించి, 2024 జూన్‌లో తెరిపించింది. అన్నేళ్లూ దొంగచాటుగా లోపలికి దూరి ఫొటోలు తీసిన భవనంలోకి ఊరిజనం ముందు తలుపు నుంచే నడిచి వెళ్లారు.

ఫొటో కోసం శిథిలాన్ని ‘సర్దే’ అలవాటు మరీ పాతది. 1857 తిరుగుబాటు తర్వాత లఖ్‌నవూలోని సికందర్‌బాగ్‌ని ఫెలీచె బియాటో 1858లో ఫొటో తీశాడు. విరిగిన స్తంభాల ముందు చెల్లాచెదురుగా ఎముకలు! ఫొటో బాగా రావడానికే ఆ ఎముకల్ని అలా పరిపించాడని చెబుతారు. ఇప్పుడు ఎముకలు లేవు కానీ విరిగిన కుర్చీని కిటికీ దగ్గరికి లాగడం, మూల ఉన్న పాతబొమ్మ తెచ్చి మెట్ల మీద కూర్చోబెట్టడం జరుగుతూనే ఉంది. కుర్చీ జరిపితే కొంప మునగదు. కానీ ఆ ఫొటో తర్వాత దేనికీ సాక్ష్యంగా నిలబడదు.

ఎర్రమంజిల్ గట్టెక్కింది

సాక్ష్యం అవసరం ఎక్కడొస్తుంది అంటే... ఎర్రమంజిల్‌ని తీసుకోండి. నవాబ్ ఫక్రుల్ ముల్క్ గుట్ట మీద కట్టించుకున్న ఈ మహల్‌లో నూటయాభైకి పైగా గదులు. పేరులోనూ తమాషా ఉంది. ఎర్రగుట్ట మీద ఉంది కాబట్టి తెలుగువాళ్లకి ఎర్రమంజిల్, పారశీకంలో ‘ఇరం’ అంటే స్వర్గం కాబట్టి నవాబుగారికి ఇరం మంజిల్. తర్వాత అది ప్రభుత్వ ఇంజినీర్ల కార్యాలయమైంది. ఫైళ్ల కట్టలు, ఇనుప బీరువాలు, గోడలకు పచ్చనూనె రంగు. పైన కమానుల సొగసు మాత్రం ఎవరూ చెరపలేకపోయారు.

పాత భవనాలకు రక్షణగా ఉన్న నిబంధన 13ని 2015లో ఎత్తేశారు. 2017లో తెలంగాణకు కొత్త వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్‌ని కూల్చి ఆ స్థలంలో అసెంబ్లీ కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. నగరంలో కదలిక వచ్చింది. విద్యార్థులు, ఆర్కిటెక్టులు, నవాబు వారసులు, చరిత్రంటే ఇష్టమున్న మామూలు జనం గొంతు కలిపారు. అన్నాళ్లూ ‘పాత ఆఫీసు’గానే తెలిసిన భవనం లోపల ఎలా ఉంటుందో ఫొటోల్లో చూసి చాలామంది ముక్కున వేలేసుకున్నారు. విషయం కోర్టుకెళ్లింది. ఆ ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని కొట్టేసింది. గెలిపించింది ఫొటోలని కాదు, చట్టం. కానీ కళ్లెదుట లేని భవనం కోసం ఎవరైనా రోడ్డెక్కుతారా?

అలాంటి అవసరానికి పనికొచ్చే ఫొటో వేరుగా ఉంటుంది. గోడకు ఎదురుగా నిలబడి, నిలువు గీతలు వాలిపోకుండా, నాలుగు వైపులా తీసింది. కార్నిసు, తలుపు చెక్కడం, నేల పలకలు ఒక్కోటి విడిగా. ఒక ఫొటోలో సగానికి పైగా పక్క ఫొటోలోనూ వచ్చేలా వరసగా తీసుకుంటూ పోతే వాటిని కలిపి కంప్యూటర్‌లో భవనం మొత్తం నమూనాని తయారుచేయొచ్చు. ఇవేవీ గోడకు తగిలించుకునేంత అందంగా ఉండవు. ముందు మనసుకు నచ్చిన నాలుగూ తీసుకోండి, ఎవరూ వద్దనరు. తర్వాత ఇంకో పావుగంట వీటికీ కేటాయించండి. పేరు, వీధి, తేదీ రాయండి. ‘మౌనం’, ‘కాలం చెక్కిన శిల్పం’ లాంటి శీర్షికలు పెట్టి ఊరు పేరు కూడా రాయని ఫొటోలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

వెళ్లేముందు...

మొదట చెప్పాల్సింది అనుమతి. కూలిపోయేలా ఉన్నా దానికో యజమాని ఉంటాడు, లేదా ఓ ప్రభుత్వ శాఖ ఉంటుంది. గోడ దూకి వెళ్తే ఫొటో బాగా రావచ్చు గానీ కాపలాదారు ఉద్యోగానికి ఎసరు రావచ్చు. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండు వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. మనుషులుండే దేవిడీల్లో జనానా వైపు కెమెరా తిప్పకపోవడం మర్యాద. అడిగితే చాలాచోట్ల లోపలికి పిలిచి చాయ్ ఇస్తారు. ‘ఇదిగో ఇక్కడే మా తాత...’ అంటూ కథలూ చెబుతారు. ఆ కథ కూడా రాసుకుంటే ఫొటోకి తోడుగా ఉంటుంది. ఆ మనిషినీ, ఆయన ఒప్పుకుంటే, ఫ్రేములోకి రమ్మనండి.

పై అంతస్తుకి వెళ్లే మోజు మాత్రం వద్దు. టేకు దూలాలు పైకి గట్టిగా కనిపిస్తాయి, గోడలోకి దిగిన కొన తేమకి పుచ్చిపోయి ఉంటుంది. కాలు పెట్టాకే తెలుస్తుంది. తేనెపట్లు, గడ్డిలో మూతలేని బావులు, పాములు మామూలే. వానాకాలంలో గోడలు బరువెక్కి ఉంటాయి, కూలేవి ఎక్కువగా అప్పుడే. పిల్లల్ని తీసుకెళ్లాలనుకుంటే శీతాకాలం, అదీ బయటినుంచి చూసే భవనాలు నయం.

బయటినుంచి చూడాలంటే మూసీ ఒడ్డునున్న ఉస్మానియా ఆసుపత్రి ఉండనే ఉంది. విన్సెంట్ ఎష్ నక్షా గీసిన ఆ భవనం 1925లో పూర్తయింది. 2020 జులైలో వానకి వార్డుల్లోకి నీళ్లొచ్చాక రోగుల్ని తరలించి పాత భవనానికి తాళం వేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. నయాపూల్ మీద నిలబడితే అవతల గుమ్మటాలు వరసగా కనిపిస్తాయి. సందుల్లో మొలిచిన మొక్కలూ కనిపిస్తాయి. సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎండ రాతి మీద బాగా పడుతుంది. ఆ వేళకి వంతెన మీద బస్సులు, ఆటోలు, మందుల చీటీ పట్టుకుని ఆవరణలోని మిగతా బ్లాకుల వైపు నడిచే జనం. వాళ్లు తప్పుకునేదాకా ఆగాలంటే రాత్రవుతుంది.